పాత జపాన్ బైకు ఇంట్లో బాగు చేసుకుంటే: ఇంజన్ లెక్కలు, ఆర్సీ లెక్కలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల షెడ్డులో మూలన పడ్డ ఆర్ఎక్స్ 100నో రాజ్‌దూత్ 350నో మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లకు 2025లో రెండు కొత్త టెన్షన్లు వచ్చాయి. బంకుల్లో పోసే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది, దీన్నే ఈ20 అంటారు. అదే ఏడాది ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన టూవీలర్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2,000 రూపాయలు చేసింది. ఇక ఫోన్లలో తిరిగే మాటలకు లెక్కే లేదు. పదిహేనేళ్లు దాటిన బండిని లాక్కుపోతారని ఒకరంటారు. వింటేజ్ కింద రాయించుకుంటే ఏ గొడవా ఉండదని ఇంకొకరంటారు. సైలెన్సర్ కోస్తే పికప్ పెరుగుతుందన్న మాట ఈ బండ్లు పుట్టినప్పటి నుంచీ ఉంది.

వీటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు. ఏది ఏదో తేల్చుకోవడం కష్టం కావడానికి ఒక కారణం ఉంది. ఈ బండ్లలో ఏ మార్పూ ఒంటరిగా ఉండదు. సైలెన్సర్ ముట్టుకుంటే పెట్రోల్‌నూ గాలినీ కలిపే కార్బురేటర్ దాకా పోవాలి, సిలిండర్ మారిస్తే ఆర్టీవో ఆఫీసు దాకా పోవాలి.

ఏ బండ్ల గురించి ఈ మాటలు

మన దగ్గర పాత జపాన్ బైకు అంటే దాదాపు ఎప్పుడూ 1980లలో భారతీయ కంపెనీలు జపాన్ కంపెనీలతో కలిసి ఇక్కడే తయారు చేసినవే. ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌డీ 350 ఆధారంగా 1983లో రాజ్‌దూత్ 350 తెచ్చింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. ఆ తర్వాత 100 సీసీ బండ్ల వరుస మొదలైంది. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది యమహా ఆర్ఎక్స్ 100, వాటి వెనకే కవాసాకి బజాజ్ కేబీ 100. వీటిలో సీడీ 100 ఒక్కటే ఫోర్ స్ట్రోక్, మిగతావన్నీ టూ స్ట్రోక్. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. దాని తమ్ముళ్లు ఆర్ఎక్స్ 135 లాంటివి ఇంకొన్నేళ్లు నడిచాయి.

ఇంట్లో బాగు చేసుకోవాలనుకునే వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఆర్ఎక్స్ 100 కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దాని మీదే ఉంటాయి. విడిభాగాలు దొరుకుతాయి, ఇంజన్ చిన్నది, మామూలు స్పానర్లతో చాలావరకు విప్పొచ్చు. సీడీ 100 ఉన్నవాళ్లకు ఇంజన్ గురించి చెప్పేవి అంతగా వర్తించవు. కాగితాల సంగతి మాత్రం అందరికీ ఒకటే.

రిపేరు, రీస్టోరేషన్, మాడిఫికేషన్: మూడూ ఒకటి కాదు

అరిగిన రింగులు మార్చడం, గట్టిపడిన ఆయిల్ సీళ్లు తీసి కొత్తవి వేయడం రిపేరు. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి తేవడం రీస్టోరేషన్. అప్పటి రంగు, అప్పటి సైలెన్సర్, అప్పటి హ్యాండిల్ ఇందులోకి వస్తాయి. ఫ్యాక్టరీ ఇవ్వనిదాన్ని చేర్చడం, ఇచ్చినదాన్ని మార్చడం మాడిఫికేషన్. డిస్క్ బ్రేకు, పెద్ద సిలిండర్, వెడల్పు టైరు ఈ కోవలోవి.

మొదటి రెండింటికీ చట్టంతో పెద్దగా పేచీ లేదు. మూడోదానికి ఉంది. చిక్కల్లా ఏంటంటే, షెడ్డులో పని జరిగేటప్పుడు ఈ గీతలు చెరిగిపోతాయి. అసలు సైలెన్సర్ దొరకక లోకల్‌ది వేస్తాం. అసలు పిస్టన్ సైజు దొరకక పెద్దది వేసి, దానికి సరిపోయేలా సిలిండర్‌కు బోరింగ్ చేయిస్తాం. రిపేరని మొదలుపెట్టిన పని తెలియకుండానే మాడిఫికేషన్ అయిపోతుంది. ఏ పని దగ్గర ఆ గీత దాటుతున్నామో గుర్తించగలిగితే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆర్ఎక్స్ 100కు ఎందుకు కుదరదు

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021లో వింటేజ్ వాహనాల కోసం కొత్త రూల్స్ చేర్చారు. వాటి ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, సొంత కార్లే వింటేజ్. చాసిస్, బాడీ, ఇంజన్ భారీగా మార్చి ఉండకూడదు. కొత్తగా రాయించుకోవడానికి ఫీజు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది, నంబరు ప్లేటు మీద వీఏ అనే అక్షరాలుంటాయి.

ఇప్పుడు లెక్క వేయండి. ఇక్కడ తయారైన మొదటి రాజ్‌దూత్ 350లు 1983 నాటివి. వాటికి 50 ఏళ్లు నిండేది 2033లో. ఆర్ఎక్స్ 100లలో అన్నిటికన్నా పాతవాటికి 2035లో. కాబట్టి ఇవాళ ఏ ఆర్ఎక్స్ 100 అయినా ‘వింటేజ్’ అని అమ్మితే అది అమ్మకపు మాటే, చట్టం మాట కాదు. ఒకవేళ వయసు సరిపోయినా, ఆ రిజిస్ట్రేషన్‌తో బండిని రోజువారీగా తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్ పోయించుకోవడం, రిపేరుకు తీసుకెళ్లడం, అంతవరకే. రోజూ ఆఫీసుకు వెళ్లాలనుకునేవాళ్లకు అది పనికొచ్చే దారి కాదు.

పదిహేనేళ్లకు లాక్కుపోతారన్న భయం ఢిల్లీ వార్తల నుంచి వచ్చింది. అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద నిషేధం ఉంది. 2025 జులైలో వాటికి బంకుల్లో పెట్రోల్ పోయొద్దన్న ఆదేశం పెద్ద వార్త అయ్యింది కూడా. అది రాజధాని ప్రాంతపు నియమం. ఆంధ్రప్రదేశ్‌లో సొంత బండికి 15 ఏళ్ల తర్వాత తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ పోవచ్చు.

టూ స్ట్రోక్ ఇంజన్‌కు అడుగున కూడా ఊపిరి ఉంటుంది

ఇంజన్ దగ్గరికి వద్దాం. ఫోర్ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఉండే గది ఆయిల్‌కు ఇల్లు. టూ స్ట్రోక్‌లో అదే గది ఒక పంపు. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు కింద వాక్యూమ్ ఏర్పడి కార్బురేటర్ నుంచి పెట్రోల్, గాలి, ఆయిల్ కలిసిన మిశ్రమాన్ని లాక్కుంటుంది. పిస్టన్ దిగినప్పుడు ఆ మిశ్రమం నొక్కుకుని, సిలిండర్ గోడల్లోని దారుల గుండా పైకి చేరుతుంది. అంటే పిస్టన్ కింద ఉండే ఆ క్రాంక్ గదికి గాలి చొరబడని బిగువు ఉండాలి. ఆ బిగువు కాపాడేవి క్రాంక్‌కు రెండు వైపులా ఉండే చిన్న ఆయిల్ సీళ్లు.

ముప్పై ఏళ్లు దాటిన రబ్బరు సీలు గట్టిపడుతుంది. అంచు దగ్గర సన్నగా గాలి దూరుతుంది. లోపలికి పోయే మిశ్రమంలో గాలి పెరిగి, పెట్రోల్ పాలు తగ్గుతుంది. మెకానిక్ భాషలో ‘లీన్’ అవుతుంది. లీన్ అయిన టూ స్ట్రోక్ మొదట బాగా లాగుతున్నట్టే అనిపిస్తుంది. తర్వాత వేడెక్కి, పిస్టన్ ఉబ్బి, సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. సీజ్ అవడమంటే ఇదే. కొత్త పిస్టన్, కొత్త బోరింగ్ వేయించిన బండి వారానికే మళ్లీ సీజ్ అయితే జనం లేత్ వాళ్లను తిడతారు. తప్పు చాలాసార్లు మార్చకుండా వదిలేసిన ఆ సీళ్లదే. పైనుంచి కనిపించవు, మార్చాలంటే ఒక పక్క మాగ్నెట్, ఇంకో పక్క క్లచ్ విప్పాలి, కొన్ని ఇంజన్లలో కేసునే రెండుగా చీల్చాలి. అందుకే ఎక్కువమంది ఆ పని వాయిదా వేస్తారు. నా లెక్కలో, ట్యాంకు రంగుకు పెట్టే డబ్బులో కొంత ముందు ఇక్కడ పెట్టడం మేలు.

98 సీసీ ఎంతవరకు 98 సీసీ

ఆర్ఎక్స్ 100లో బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 50 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 50 మిల్లీమీటర్లు. సిలిండర్ వైశాల్యాన్ని స్ట్రోకుతో గుణిస్తే సుమారు 98.2 సీసీ వస్తుంది. ఆర్సీలో 98 అని ఉండేది ఇదే.

సిలిండర్ అరిగినప్పుడు లేత్ మీద కాస్త పెద్దది చేసి, ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. సాధారణంగా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోతారు. బోరు 50.5 అయితే ఇంజన్ 100.1 సీసీ అవుతుంది. 51కి వెళితే 102.1 సీసీ. మిల్లీమీటరు పెరిగినా తేడా నాలుగు సీసీలే. ఇలా పెంచుకునే వీలు తయారీదారులే ఇచ్చారు, ఇది రిపేరు కిందికే వస్తుంది. ఇక్కడ చూసుకోవాల్సింది సీసీ కాదు, పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు. అది మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. ఎక్కువైతే చప్పుడు, తక్కువైతే సీజ్. అందుకే మంచి లేత్ అతను పిస్టన్ చేతికి ఇవ్వనిదే బోరింగ్ మొదలుపెట్టడు.

ఇప్పుడు రెండో సంగతి. ఆర్ఎక్స్ 135లో బోరు 58, స్ట్రోకు మాత్రం అదే 50. లెక్క వేస్తే 132 సీసీ. స్ట్రోకు ఒకటే కావడం వల్లే 100 మీద 135 సిలిండర్ పెట్టాలన్న ఆలోచన అంత సులువుగా పుట్టింది. కుర్రాళ్లలో అన్నిటికన్నా పేరున్న మార్పు ఇదే. ఇంజన్ సైజు ఒక్కసారిగా దాదాపు 35 శాతం పెరుగుతుంది. కానీ ఇంజన్ నంబరు పాతదే, ఆర్సీలో 98 సీసీయే. మొదటిది అరిగినదాన్ని సరిచేయడం, రెండోది బండిని ఇంకో బండిగా మార్చడం. పని చూస్తే రెండూ లేత్ దగ్గర ఒకేలా కనిపిస్తాయి.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన కూడా వినాలి. 135 సిలిండర్ కూడా అదే కంపెనీది, అదే కుటుంబానిది, ఇద్దరు కూర్చుని ఘాట్ల వైపు పోతే తక్కువ శ్రమతో లాగుతుంది అంటారు. ఆ మాట ఇంజన్ వరకు నిజమే. బ్రేకులు, ఫ్రేము, క్లచ్ మాత్రం 11 హార్స్‌పవర్ బండికి లెక్కగట్టినవి. వాటి సంగతి ఆ వాదనలో ఎక్కడా రాదు.

సైలెన్సర్ పొగ గొట్టం కాదు

టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ దారికి తలుపు లేదు. పిస్టన్ దిగితే తెరుచుకుంటుంది, ఎక్కితే మూసుకుంటుంది. ఆ మధ్యలో కొంత తాజా మిశ్రమం కాలకుండానే బయటికి జారిపోతుంది. దాన్ని ఆపేది సైలెన్సర్ ఆకారం. గొట్టం ముందు క్రమంగా వెడల్పవుతుంది, తర్వాత సన్నబడుతుంది. ఇంజన్ నుంచి బయటికి దూకిన పీడన తరంగం వెడల్పయ్యే చోట వెనక్కి ఒక లాగుడు పంపుతుంది, దాంతో సిలిండర్ శుభ్రమవుతుంది. సన్నబడే చోట తగిలి తిరిగొచ్చిన తరంగం, జారిపోతున్న తాజా మిశ్రమాన్ని లోపలికి తోస్తుంది. ఇదంతా సెకనులో కొన్ని వెయ్యో వంతుల్లో జరగాలి. గొట్టం పొడవు, వాలు అన్నీ ఆ లెక్కకే.

ఆ గొట్టాన్ని కోస్తే, లోపలి జాలీ పీకేస్తే తరంగం తిరిగొచ్చే వేళ తప్పుతుంది. శబ్దం పెరగడంతో పికప్ పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది. నిజానికి కింది వేగంలో లాగే శక్తి తగ్గుతుంది. పై ఆర్‌పీఎంలో కొంచెం పెరగొచ్చు, అది కూడా కొత్త పైపును లెక్కగట్టి చేసినప్పుడే, దానికి తగ్గట్టు కార్బురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలను, అంటే జెట్లను, మార్చినప్పుడే. ఆర్‌డీ 350 లాంటి బండ్లకు రేసింగ్‌లో వాడే పైపులు అలా లెక్కగట్టి చేసినవే. తిరుపతి లీలామహల్ సెంటర్‌లో అందరూ తలతిప్పి చూసేలా చేయడానికి కోసిన పైపుకూ వాటికీ సంబంధం లేదు.

చట్టం వైపు నుంచి చూస్తే శబ్దం, పొగ నియమాలు దాటిన బండికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడే వీలుంది. పొగ సంగతిలో పాత టూ స్ట్రోక్‌లకు చట్టం కొంత సడలింపే ఇచ్చింది. 2000 మార్చి 31లోపు తయారైన వాటికి పీయూసీ (పొగ తనిఖీ) పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. సీళ్లు బాగుండి, సైలెన్సర్‌లో పేరుకున్న కార్బన్ తీసేసి, కార్బురేటర్ సరిగ్గా కుదిరిన ఆర్ఎక్స్ 100 ఈ హద్దులో ఇముడుతుంది.

ఈ20, మే నెల ఎండ, తిరుమల కొండ: మూడింటినీ కలిపి లెక్కేస్తే

పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో దానికి 14.7 రెట్లు గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి సుమారు 9 రెట్లు చాలు. 20 శాతం ఇథనాల్ కలిపితే ఈ అంకె 13.5 దగ్గరికి దిగుతుంది. కొత్త బండ్లలో సెన్సర్ చూసుకుని కంప్యూటర్ ఇంధనం పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్టు రంధ్రం ఎంతుంటే అంతే పోస్తుంది. కాబట్టి పాత రోజుల స్వచ్ఛమైన పెట్రోల్‌కు కుదిర్చిన కార్బురేటర్ ఈ20 మీద ఎనిమిది శాతం చుట్టుపక్కల లీన్ అవుతుంది.

ఎండ లెక్క దీనికి ఎదురు. డిసెంబరు పొద్దున తిరుపతిలో 20 డిగ్రీలు, మే మధ్యాహ్నం 42 డిగ్రీలు అనుకుందాం. వేడి గాలి పలచన, సుమారు ఏడు శాతం. గాలి తగ్గితే జెట్టులోంచి లాగే పెట్రోల్ కూడా కొంత తగ్గుతుంది కాబట్టి, మిశ్రమం మీద పడే తేడా అందులో సగం. అంటే మూడు నాలుగు శాతం ‘రిచ్’, లీన్‌కు ఎదురు, పెట్రోల్ పాలు ఎక్కువ. కొండ సంగతి కూడా ఇంతే. తిరుమల సముద్ర మట్టానికి 850 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి కన్నా దాదాపు 700 మీటర్లు ఎక్కువ. గాలి ఏడు శాతం పలచబడుతుంది, మిశ్రమం మళ్లీ మూడు నాలుగు శాతం రిచ్ అవుతుంది.

ఇప్పుడు ఒక బండి చూద్దాం. పాత జెట్టుతోనే, మే నెలలో, ఈ20 పోసి కుదిర్చారు. ఈ20 లీన్ చేసింది, ఎండ కొంత రిచ్ చేసింది, రెండూ కలిసి సుమారు నాలుగు శాతం లీన్. బండి బాగానే ఉన్నట్టుంటుంది. అదే బండి డిసెంబరు తెల్లవారుజామున చిత్తూరు హైవే మీద ఫుల్ థ్రాటిల్‌లో వెళితే ఎండ ఇచ్చిన ఊరట పోయి, ఎనిమిది శాతం లీన్ మిగులుతుంది. సీజ్ అయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది కొండ ఎక్కేటప్పుడని అందరూ అనుకుంటారు. లెక్క చెప్పేది చల్లటి పొద్దున, చదునైన రోడ్డు మీద, చాలాసేపు ఒకే వేగంతో పోయేటప్పుడని.

జెట్టు విషయంలో మోసపోయే చోటు ఒకటుంది. రంధ్రం వ్యాసం నాలుగు శాతం పెరిగితే వైశాల్యం ఎనిమిది శాతం పెరుగుతుంది. 1.00 మిల్లీమీటరు రంధ్రం 1.04 అయితే చాలు. కొన్ని జెట్ల మీది అంకె వ్యాసాన్ని సూచిస్తుంది, కొన్నిటి మీది పారే పరిమాణాన్ని. రెండు కంపెనీల జెట్ల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం అందుకే తప్పు దారి పట్టిస్తుంది. ఇక సూదితో గీకి రంధ్రం పెద్దది చేయడం గురించి చెప్పక్కర్లేదు.

ఈ20 వల్ల పాత బండ్లు పాడవుతాయా అన్నదాని మీద రెండు వాదనలున్నాయి. మైలేజీ కాస్త తగ్గుతుంది, కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు ముందుగా మార్చాల్సి రావచ్చు, అంతకు మించి పెద్ద నష్టం లేదని పెట్రోలియం శాఖ చెప్పింది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, అది ఇంజన్‌కు మేలేనన్నది కూడా నిజం. ఎదుటి వాదన రోజూ నడిచే బండ్ల గురించి కాదు, నెలల తరబడి నిలిపి ఉంచే బండ్ల గురించి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. టూ స్ట్రోక్ ఇంజన్‌కు వాడే 2టీ ఆయిల్ పెట్రోల్‌తో పాటు పైనే ఉండిపోతుంది. ఆయిల్ కలిపి పోసుకునే బండిలో, నల్లా తిప్పగానే కార్బురేటర్‌కు మొదట చేరేది ఆయిల్ లేని ఆ అడుగు ద్రవమే. రెండు వాదనలూ వాటి వాటి చోట నిజమే. ఆదివారం మాత్రమే తీసే రీస్టోర్ చేసిన బండికి మాత్రం రెండోదే ఎక్కువగా తగులుతుంది.

ఆయిల్ పంపు ఉంచాలా, తీసేయాలా

ఆర్ఎక్స్ 100కూ, రాజ్‌దూత్ 350కూ యమహా ఆటోల్యూబ్ ఉంది. వేరే ట్యాంకులోని 2టీ ఆయిల్‌ను ఒక చిన్న పంపు ఇంజన్ వేగాన్ని, యాక్సిలరేటర్ తిప్పిన మేరను బట్టి పంపుతుంది. చాలామంది దాన్ని మూసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుతారు. పంపు చెడిపోతే తెలియకుండానే ఇంజన్ పోతుందన్నది వాళ్ల భయం. ముప్పై ఏళ్ల నాటి పంపు విషయంలో ఆ భయానికి అర్థముంది.

కానీ తిరుమల మొదటి ఘాట్ రోడ్డు దిగడం ఊహించండి. యాక్సిలరేటర్ మూసి, మూడో గేరులో, ఇంజన్ బ్రేకింగ్ మీద మలుపు మలుపుకీ దిగుతారు. ఇంజన్ వేగంగానే తిరుగుతోంది, పెట్రోల్ మాత్రం దాదాపు పోవడం లేదు. ఆయిల్ పెట్రోల్‌తోనే రావాలి కాబట్టి అదీ పోవడం లేదు. పంపు ఉంటే ఇంజన్ వేగాన్ని బట్టి కొంతైనా పోతుంది. ఆయిల్ కలిపి నడిపేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు దిగుడులో మధ్యమధ్య క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చేసేది అందుకే.

లీటరుకు 20 మిల్లీలీటర్లు అంటే 50కి 1, 40 అయితే 25కి 1. భయం కొద్దీ ఆయిల్ రెట్టింపు చేసేవాళ్లు ఒకటి మరచిపోతారు. ఆయిల్ పెరిగిన మేర జెట్టులోంచి పోయే పెట్రోల్ తగ్గుతుంది. 20 నుంచి 40కి వెళితే మిశ్రమం మరో రెండు శాతం లీన్. పైన లెక్కేసిన ఎనిమిదికి ఇది తోడు.

సెక్షన్ 52 ఏం ఆపుతుంది, ఏం ఆపదు

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో సెక్షన్ 182ఎ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అయితే మార్పు అంటే ఏమిటో ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. బండి నిర్మాణంలో జరిగి, దాని మౌలిక లక్షణం మారేలా చేసేదే మార్పు. వాదనంతా ఈ మాట చుట్టూనే. బండి ఇష్టపడేవాళ్లు, హ్యాండిల్, సీటు కవరు, షాక్ అబ్జార్బర్ మౌలిక లక్షణాలు కావంటారు. తనిఖీ చేసేవాళ్లు, ఫ్యాక్టరీ నుంచి రానిది ఏదైనా అనుమానించాల్సిందేనంటారు. రెండు అంచుల దగ్గర సందేహం లేదు. 135 సిలిండర్, కోసిన ఫ్రేము నిషేధం వైపు. అదే మోడల్ కొత్త సైలెన్సర్ అనుమతి వైపు. రంగు ఆర్సీలో ఉంటుంది కాబట్టి నలుపు బండిని ఎరుపు చేస్తే ఆర్సీలో రాయించుకోవాలి.

అసలు కష్టమైన ప్రశ్న ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. ఇప్పటి ట్రాఫిక్‌లో డ్రమ్ము కన్నా డిస్క్ మెరుగన్నది ఎవరూ కాదనరు. కానీ అది రావాలంటే ముందు ఫోర్కు మొత్తం వేరే బండిది పెట్టాలి, ఆ లోడు పాత ఫ్రేము మెడ మీద పడుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ప్రశ్నిస్తుంది. నాకు అనిపించేది, డ్రమ్మును లేత్ మీద గుండ్రంగా తీయించి, కొత్త బ్రేకు షూలు, కొత్త కేబులు, గట్టిపడని కొత్త టైర్లు వేస్తే అవసరంలో చాలా భాగం తీరుతుందని. 90ల నాటి టైరు మీద డిస్క్ వేసి ప్రయోజనం లేదు. అయినా చట్టం భద్రతను పెంచే మార్పునూ శబ్దాన్ని పెంచే మార్పునూ ఒకే గాటన కడుతోందన్న ఫిర్యాదులో న్యాయం ఉంది.

నాన్న బండి, వేలూరు బండి

కాగితాల దగ్గర ఎక్కువమంది రెండు రకాలుగా ఇరుక్కుంటారు. ఒకటి, ఇంట్లో ఉన్న ఏపీ 03 నంబరు బండి. నాన్న పేరు మీద ఉంది, ఆయన లేరు, రిజిస్ట్రేషన్ రెండేళ్ల కిందటే అయిపోయింది. ముందు వారసుల పేరు మీదికి మార్చుకోవాలి, దానికి ఫారం 31. తర్వాత రెన్యువల్‌కు ఫారం 25. కేంద్ర నిబంధనల ప్రకారం 20 ఏళ్లు దాటిన టూవీలర్‌కు రెన్యువల్ 2,000 రూపాయలు, ఆలస్యానికి నెలకు 300. రెండేళ్లంటే 24 నెలలు, 7,200. మొత్తం 9,200. దీనికి రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. బండి విప్పి ఏళ్ల తరబడి మెల్లగా బాగు చేసుకునేవాళ్లకు ఈ నెలకు 300 లెక్క తెలియకపోతే, విడిభాగాలకు దాచుకున్న డబ్బు ఇక్కడికే పోతుంది. చాలా పాత ఆర్సీలు ఆన్‌లైన్ రికార్డుల్లోకి ఎక్కి ఉండవు కూడా. ముందు వాటిని ఎక్కించుకోవాలి.

రెండోది సరిహద్దు బండి. చిత్తూరు నుంచి వేలూరు దగ్గరే కావడంతో టీఎన్ 23 నంబరు బండ్లు చవగ్గా దొరికి ఇటు వస్తుంటాయి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్. అమ్మినవాడు పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి మాయమైతే, ఆర్సీ అసలు యజమాని ఎక్కడున్నాడో వెతుక్కుంటూ తిరగాల్సి వస్తుంది.

పుదుపేట నుంచి ఇంజన్ తెస్తే

విడిభాగాల కోసం ఇక్కడివాళ్లు సహజంగా పోయేది చెన్నై. అక్కడి పుదుపేటలో పాత బండ్లు విప్పి అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. మడ్‌గార్డు, హెడ్‌లైట్ రిమ్ము, ట్యాంకు తెచ్చుకోవడంలో చిక్కేమీ లేదు. ఇంజన్ కేసు తేవడంలో ఉంది, ఎందుకంటే ఇంజన్ నంబరు కొట్టి ఉండేది దాని మీదే.

సొంత ఇంజన్ కేసు పగిలిపోయి, అదే మోడల్‌ది ఇంకోటి పెట్టామనుకుందాం. యంత్రం పరంగా అది రీస్టోరేషనే. కాగితం మీద మాత్రం బండికి వేరే గుండె వచ్చింది. ముందుగా అనుమతి తీసుకోకపోతే, మార్చిన 14 రోజుల్లో మనం ఉంటున్న చోటి ఆర్టీవో ఆఫీసుకు తెలిపి ఆర్సీలో కొత్త నంబరు రాయించాలి. అందుకు ఆ ఇంజన్ ఎక్కడిదో చూపే బిల్లు కావాలి. ఆ నంబరు దొంగతనం కేసుల్లో లేదని తేలాలి. చాలా దుకాణాల్లో బిల్లు అడిగితే ధర మారుతుంది, కొన్నిచోట్ల ఇంజనే మారుతుంది.

దీనికి తప్పు దారి కూడా ఒకటి నడుస్తోంది. కొత్త కేసు మీది నంబరు గీకేసి, పాత నంబరు కొట్టించడం. ఆర్సీకి, ఇంజన్‌కు తేడా ఉండదు కదా అని చెబుతారు. నంబరు గీకిన గుర్తు తనిఖీలో తేలిగ్గా తెలుస్తుంది, అది మాడిఫికేషన్ కాదు, నేరం. పైగా తొలి ఆర్ఎక్స్ 100లలో జపాన్ నుంచి వచ్చిన భాగాలు వాడారు కాబట్టి, వాటి మీది గుర్తులకే మార్కెట్లో ఎక్కువ ధర పలుకుతుంది. గుర్తులూ నంబర్లూ కొత్తగా కొట్టేవాళ్లు పుట్టుకొచ్చింది అందుకే. కొనేముందు చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ బండి మీద చూసి, ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఆర్సీ వివరాలతో సరిపోల్చడానికి పట్టేది పది నిమిషాలు. వెలుతురులో, గ్రీజు తుడిచి, నంబరు చుట్టూ ఉన్న లోహపు గరుకు మిగతా కేసు గరుకుతో కలుస్తోందో లేదో చూడాలి.